కుర్చీకి ఓటు లేదు

గంట మోగుతోంది. మోగనీ. అది మోగినంతసేపు ఎవరైనా లోపలికి రావొచ్చు, ఆగిందంటే సార్జెంటు తలుపులకి అడ్డగడియ వేస్తాడు, ఆ తరవాత లోపలున్నవాళ్ళకే ఓటు, బయట ఎవడు తల బాదుకున్నా తెరవకూడదు, మా కౌంటీ సభ నిబంధన అది. నేను ఎత్తుకుర్చీలో కూర్చుని ఉన్నాను. భుజాల మీద నల్లగౌను, నాకు మరీ వదులు, స్పీకరుగారిది. ఆయనకి పొద్దున్నుంచీ కడుపునొప్పట. నిన్న సాయంత్రం క్యాంటీన్లో నా కళ్ళముందే మొక్కజొన్న పిండి ఉగాలి ముద్దలు ముద్దలుగా మింగి చేప తలకాయ కూడా వదలకుండా చీకిన మనిషికి, సరిగ్గా ఈ బిల్లు ఓటింగుకొచ్చే రోజునే కడుపునొప్పి వచ్చింది. ఆయన రాకపోతే డిప్యూటీ స్పీకరు కూర్చోవాలి. డిప్యూటీ స్పీకరంటే పెరెస్ అవూర్, అంటే నేను. కుర్చీలో కూర్చున్న మనిషికి చర్చలో మాట లేదు, చివర్లో ఓటు లేదు. నన్ను కొట్టలేదు, ఎత్తుకుపోలేదు, మర్యాదగా దండం పెట్టి పైకెక్కించి నా ఓటు పీకేశారు. బల్ల మీద అజెండా కాగితం మూల రక్తం చుక్క పడి ఉంది. జెబులోన్ పెద్దాయనది. ఇంకా ఆరలేదు, కాగితం దాన్ని మెల్లగా పీల్చుకుంటోంది, నేను చూస్తున్నాను.

మూజువాణి ఓటు పెట్టింది నేనే. అనుకూలంగా ఉన్నవాళ్ళు అవును అనండి అన్నాను, అన్నారు, వ్యతిరేకంగా ఉన్నవాళ్ళు కాదు అనండి అన్నాను, బల్లలు గుద్ది మరీ అరిచారు. గొంతులు పోల్చుకోవడం నాకు కొత్తా, సగం జీవితం ప్రైమరీ స్కూలు హెడ్‌టీచర్ని, వెనక బెంచీలో ఎవడు ఎవడి గొంతుతో అరుస్తున్నాడో చూడకుండా చెప్పగలను. అవునే గట్టిగా వినపడింది అన్నానో లేదో అటువైపు నాయకుడు ఒబూయా లేచాడు, డివిజన్ కావాలన్నాడు, పేరుపేరునా పిలిచి లెక్కపెట్టమని. అడగడం అతని హక్కు. అడిగి ఊరుకుంటే బాగుండేది. అతని వాళ్ళు అయిదుగురు బల్ల మీది గద మీదికి ఉరికారు. గద బల్ల మీద లేకపోతే సభ సభ కాదు, సంత, అప్పుడు చేసిన ఏ పనీ చెల్లదు. మావైపు సభ్యుడు జెబులోన్ ముసలాయన పరుగెత్తి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు, పసిబిడ్డని పట్టుకున్నట్టు. గద పైకి లేచింది, కిందికి దిగింది, ఆ చప్పుడు నేను చచ్చేదాకా మర్చిపోలేను, పచ్చి గుమ్మడికాయ బండమీద వేసినట్టు. అయిదు చేతుల మధ్యలోంచి దిగింది, ఏ చెయ్యో నేను చూడలేదు. చూడకుండా ఒకడి పేరు చెప్పి బయటికి పంపితే రేపు కోర్టులో ఓటింగంతా కొట్టేస్తారు, అదీ వాళ్ళకి తెలుసు. పెద్దాయన్ని దుప్పట్లో వేసి మోసుకుపోయారు. సార్జెంటు తన చేతిరుమాలుతో గదని తుడిచి బల్ల మీద పెట్టాడు. గద బల్ల మీదుంది కాబట్టి మళ్ళీ ఇది సభ అయింది. ఆర్డర్, ఆర్డర్ అన్నాను. లోపల మాత్రం ఆ గద నా చేతికిస్తే ఒబూయా దవడ ఎక్కడ పగలగొట్టాలా అని చూస్తున్నాను. చెవి కిందా, గడ్డం దగ్గరా, ఎక్కడ కొడితే పళ్ళన్నీ ఒక్క దెబ్బకి రాలతాయా అని.

అతను గద కోసం పంపలేదు వాళ్ళని. పెద్దాయన కోసం పంపాడు. అది నాకిప్పుడు తట్టింది. నేను పైకెక్కకముందు బిల్లు వైపు మేము పద్నాలుగు, అటువైపు పదమూడు. నన్ను ఎక్కించాక ఇటూ అటూ పదమూడే, సమానమైతే బిల్లు ఓడినట్టేనని నిబంధన, దాంతోనే పని జరిగిపోయేది. అయినా ఒబూయాకి ధీమా చాలలేదు, పైన ఒకటి చేతిలో ఉంచుకుందామనుకున్నాడు. పాము చచ్చినా కర్రతో ఇంకో రెండేసే రకం. ఇప్పుడు మేము పన్నెండు. ఇవాళ ఓడితే ఈ సభ గడువు తీరేదాకా ఇదే బిల్లు మళ్ళీ తేకూడదు. అప్పటిదాకా తీర కాపలాదళం చేతిలో కొరడా ఉంటుంది, సరస్సు ఒడ్డున ఎవడి వల కన్ను పిల్లచేపలు పడేంత చిన్నదిగా కనిపించినా వాడి వీపు మీద దాన్ని ఆడించే అధికారం ఉంటుంది. కంచే చేను మేస్తుందంటారు, మా ఊళ్ళో కంచె మనుషుల్నే మేస్తుంది. బిల్లులో ఉన్నది ఒక్కటే ముక్క. కాపలాదళం ఎవరినీ కొట్టరాదు. దానికోసం పొద్దున్నుంచీ ఇంత రభస.

బిల్లు పెట్టింది రిస్పా. బక్కపల్చని పిల్ల, మొదటిసారి గెలిచింది, మాట్లాడేటప్పుడు గొంతు వణకదు. చర్చలో ఒక్కొక్కరు ఇంతసేపే మాట్లాడాలని నిబంధన ఉంది, సవరణలకి మాత్రం అంతు లేదు, అందుకని అటువైపు వాళ్ళు సవరణ మీద సవరణ తెచ్చారు. కొరడా అన్నచోట మితమైన కొరడా అని చేర్చాలని ఒకడు. కొట్టరాదు అన్నచోట అనవసరంగా కొట్టరాదు అని మార్చాలని ఇంకొకడు. నేను ఒక్కొక్కటీ చదవాలి, నవ్వకుండా, ఉమ్మెయ్యకుండా, ముఖం చెక్కలా పెట్టుకుని. మితమైన కొరడా అనే మాట నా నోటితో పలికాను, నా నోరు పడిపోలేదు. తరవాత రిస్పా లేచి, మన ఒడ్డునే ఓగోలా అనే బోటింజన్ల మెకానిక్ ఉండేవాడు, అతన్ని, అని మొదలుపెట్టింది. ఎవరో ఒకరు ఆ పేరు ఈ గోడల మధ్య పలకాలని ఎన్నేళ్ళుగా కాచుకున్నానో. ఒబూయా తీరిగ్గా లేచాడు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్, అధ్యక్షా. ఆ విషయం కోర్టులో ఉంది. కోర్టులో ఉన్నది సభలో మాట్లాడకూడదని నిబంధన చెబుతోంది. మా టీచరమ్మకి నేను చెప్పాలా."

కోర్టులో ఎందుకుంది? వాయిదా మీద వాయిదా అడుగుతున్నది అతనే కాబట్టి ఉంది. అది ఎప్పటికీ కోర్టులోనే ఉంటుంది, కోర్టులో ఉన్నంతకాలం ఇక్కడ పేరెత్తకూడదు. అభ్యంతరం సరైనదే అన్నాను. ఆ పేరు రికార్డుల నుంచి తొలగించండి అన్నాను. క్లర్కు కెరుబో తలెత్తి నావైపు చూసింది, కలం పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తరవాత కొట్టేసింది. నా తమ్ముడి పేరు నేనే కొట్టేయించాను.

ఓగోలా నా తమ్ముడు. నా కన్నా తొమ్మిదేళ్ళు చిన్న, మా అమ్మ పోయాక నా వీపున కట్టుకుని పెంచాను. పెద్దయ్యాక ఇంజన్లు బాగుచేసేవాడు, చేతులకెప్పుడూ డీజిల్ వాసన, అన్నం తినేటప్పుడు కూడా. అదొంగోని పెళ్ళాడిన రోజున కూడా అదే వాసన, ఎంత సబ్బేసి తోమినా పోలేదని ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. ఎవరో అతుకెయ్యమని ఇచ్చిపోయిన వల అతని షెడ్డులో దొరికింది. కన్ను చిన్నదన్నారు. నాది కాదన్నాడు, ఎవరిదో చెప్పనన్నాడు, చెబితే ఆ మనిషి వీపు లేచిపోతుందని. నాకు కబురు వచ్చేసరికి మూడో తరగతికి భాగహారం చెబుతున్నాను. సుద్దముక్క చేతిలోనే ఉంది, ఒడ్డుకి చేరేదాకా ఉంది. గుర్రపుడెక్క నీళ్ళని కమ్మేసి ఉంది, పెద్దకొంగలు చేపల పందిళ్ళ మీద వాలి చూస్తున్నాయి. చేపలెండేసే కర్రల పందిరికి చేతులు కట్టేశారు వాడివి. చొక్కా ఎక్కడ అయిపోయిందో వీపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. నీటిగుర్రం తోలు కొరడా, నూనె పెట్టి పెట్టి మెరుస్తోంది, అది దిగినప్పుడల్లా వాడి వేళ్ళు విచ్చుకుని మూసుకుంటున్నాయి, కాసేపటికి విచ్చుకోవడం మానేశాయి. అదొంగో కడుపుతో ఉంది, ఇసకలో కూలబడి ఈగలు తోలుతోంది, భర్త వీపు మీది ఈగలు. దళం పెద్ద అప్పట్లో ఒబూయాయే. బోర్లించిన పడవ మీద కూర్చుని టీలో మందాజీ ముంచుకు తింటున్నాడు. ఆపించు అని కాళ్ళమీద పడ్డాను. అవును, పడ్డాను. అతను మందాజీ నమిలి మింగి అన్నాడు, "చట్టప్రకారమే టీచరమ్మా. ఎన్ని దెబ్బలో చట్టంలో రాయలేదు."

ఆ మాట నిజమే, తరవాత వెతికి చూశాను, రాయలేదు. నా దగ్గర కొడవలి ఉంది, కొన్నాళ్ళు దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాను, అతని మెడ మీద ఎక్కడ దించాలో ప్రతిరాత్రీ లోపల దించి చూసుకునేదాన్ని. చివరికి కొడవలి బదులు ఎన్నికల్లో నిలబడ్డాను. అదే ఏడు అతనూ నిలబడి గెలిచాడు, అదీ మా కౌంటీ. అదొంగో నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు, కొడవలి నాకిచ్చెయ్ వదినా, నువ్వు మీటింగులకి పో, అంది. ఇప్పుడు బయటే ఉంది తను, చేపలమ్మే ఆడవాళ్ళందరితో కలిసి, వరండాలో పెట్టిన లౌడ్‌స్పీకర్ల కింద. నేను పేరు కొట్టేయించడం కూడా విని ఉంటుంది. వాళ్ళకి ఎదురుగా మెట్ల కింద దళం వాళ్ళు కొరడాలు నడుముకి చుట్టుకుని నిలబడి ఉన్నారు. పొద్దున నేను వస్తుంటే అందులో ఒకడు కొరడాని విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు, నాకు చూపించడానికే.

గంట ఇంకా మోగుతోంది. ఒబూయా తన కుర్చీలో వెనక్కి వాలి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు, పన్నెండు, పదమూడు, పెదాలు కదులుతున్నాయి. నేనూ లెక్కపెడుతున్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పన్నెండు పన్నెండే. నా లెక్కలో నేను లేను. ఎందుకు లేను? కుర్చీలో ఉన్నాను కాబట్టి. కుర్చీలోంచి దిగితే? దిగకూడదని ఎక్కడుంది? స్పీకరు స్థానంలో కూర్చోవడానికి ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఒకటి ఉంది. కుర్చీలో ఉన్నవాళ్ళు ఎప్పుడైనా ఆ ముగ్గురిలో ఒకరిని పిలిచి కూర్చోబెట్టొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, తలుపులు మూయకముందైతే చాలు. ముగ్గురిలో జెబులోన్ ఆస్పత్రిలో ఉన్నాడు, రెండో ఆయన నైరోబీలో ఉన్నాడు. మూడోది ఒబూయా. గౌను వేసుకుని ఫొటో దిగాలని మొదటి ఏడే పేరు వేయించుకున్నాడు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఎవరూ పిలవలేదు పాపం.

వస్తాడా? లెక్క తెలిసినవాడు రాడు. కానీ అతని లెక్కలో నేను పొద్దున్నే చచ్చిపోయాను. పన్నెండూ పదమూడూ అంటున్నాడు వేళ్ళమీద, తను పైకొస్తే పన్నెండూ పన్నెండూ, సమానమైతే బిల్లు ఓడినట్టే, పైగా ఆ ముక్క తన నోటితోనే మైకులో చెప్పొచ్చు. అతనికి అక్కడిదాకా తెలుస్తుంది. దిగిన మనిషికి ఓటు తిరిగొస్తుందని తట్టకూడదు, దేవుడా, తలుపు పడేదాకా తట్టకూడదు, ఇంకేం అడగను. రిస్పా తల పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లకి సైగ కూడా చెయ్యను. ముఖం చెక్కలా పెట్టుకో పెరెస్. మైకు నొక్కాను.

"గౌరవ సభ్యులు ఒబూయా గారు వచ్చి అధ్యక్ష స్థానం స్వీకరించవలసిందిగా కోరుతున్నాను."

కెరుబో తల తిప్పింది, నన్ను చూసింది, దించుకుంది. ఒబూయా తన వాళ్ళవైపు చూశాడు, వాళ్ళు నవ్వుతున్నారు, వెళ్ళన్నా వెళ్ళు అని భుజం తడుతున్నారు. లేచాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. గౌను విప్పి నా చేత్తో నేనే అతని భుజాల మీద వేశాను, నా వేళ్ళు అతని మెడకి తగిలాయి, వెచ్చగా, చెమటగా, కొడవలి కోసం నేను చూసుకున్న చోటే. అతను మైకులోకి వంగాడు.

"ఆడవాళ్ళు కదా, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. మంచినీళ్ళు తాగండి టీచరమ్మా."

నవ్వులు. నేను మెట్లు దిగాను. గంట ఆగింది. అతను కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, ఈ మాట కోసమే పుట్టినట్టు, తలుపులు మూయండి అన్నాడు. అడ్డగడియ పడింది. నేను వెళ్ళి బయట కాదు, నీళ్ళ కుండ దగ్గర కాదు, నా సీట్లో కూర్చున్నాను, అవును వైపు. రిస్పా తలెత్తింది. పన్నెండు మంది నావైపు చూశారు, తరవాత పైకి చూశారు. ఒబూయా ముఖంలో నవ్వు ఉంది, ఉంది, ఇంకా ఉంది, పెదాలు కదిలాయి, వేళ్ళు మడిచాడు, మళ్ళీ విప్పాడు. అప్పుడు పోయింది.

డిప్యూటీ స్పీకరు వెంటనే తిరిగి కుర్చీలోకి రావాలన్నాడు. తలుపులు మూశాక కుర్చీ మారకూడదు అధ్యక్షా, అంది కెరుబో, పుస్తకం తెరవకుండానే. అయితే సభ వాయిదా అన్నాడు. ఓటింగు మొదలయ్యాక వాయిదా లేదు అధ్యక్షా, అంది. అతని ముక్కుపుటాలు అదురుతున్నాయి. కానీ అతను మూర్ఖుడు కాడు, ఒక్క నిమిషంలో దారి దొరికింది, దొరికినట్టు నేనూ చూశాను. తలుపు ఎవరికోసమూ లోపలికి తెరవకూడదు గాని, అల్లరి చేసిన సభ్యుణ్ణి బయటికి గెంటడానికి తెరవొచ్చు. మావాళ్ళలో ఒక్కరు పోతే పన్నెండూ పన్నెండూ, సమానం, బిల్లు చస్తుంది. కారణం మాత్రం కావాలి, కెరుబో రాసుకునే కారణం, లౌడ్‌స్పీకర్లలో ఊరంతా వినే కారణం. మాలో ఎవరో ఒకరు చెయ్యెత్తాలి. "చేతులు" అన్నాను చుట్టూ ఉన్నవాళ్ళకి మాత్రం వినపడేలా. "అందరూ చేతుల మీద కూర్చోండి. ఏం చేసినా సరే." నా చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

కాదు వైపు నుంచి ఇద్దరు నడిచి వచ్చారు. పైనున్న అధ్యక్షులు కిటికీలోంచి సరస్సు చూస్తున్నారు. మొదటివాడు నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచాడు, పొరపాటున తగిలినట్టు. ఊపిరి అందలేదు. రెండోవాడు నిబంధనల పుస్తకం, అట్ట ఉన్నది, లావుది, అంచుతో నా నోటి మీద కొట్టాడు. ఏదో విరిగింది, నాలుక మీద గులకరాయిలా దొర్లింది, పన్ను. రక్తం వెచ్చగా గడ్డం మీదికి కారింది. ఓగోలాకి ఎన్ని పడ్డాయి, ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు, నాకు రెండే కదా, ఓర్చుకో. లోపల మాత్రం నేను వాడి గొంతు కొరికేశాను, కళ్ళు పీకేశాను, వాడి తల బల్లకేసి పగిలేదాకా బాదాను, మళ్ళీ బాదాను, నా చేతులు తొడల కింద తిమ్మిరెక్కి కొట్టుకుంటున్నాయి. రిస్పా లేవబోయింది. కాలితో ఆమె కాలు తొక్కిపట్టాను. "కూర్చోవే" అన్నాను, రక్తంతో కలిసి ఆ మాట బుడగలా వచ్చింది. "కూర్చోకపోతే నేనే చంపుతా నిన్ను." ఏడుస్తూ కూర్చుంది.

ఒబూయా మైకు చేత్తో మూసి ముందుకు వంగాడు. మూసిన మైకులో మాట బయటికి పోదు, రికార్డుకెక్కదు, అతనూ నేర్చుకున్నాడు.

"టీచరమ్మా. నీ తమ్ముడు ఆఖర్న ఏమన్నాడో తెలుసా నీకు. నువ్వు రాకముందు. వల ఎవరిదో చెప్పేశాడు. ఊరికే చచ్చాడు. చెప్పాక కూడా మేం ఆపలేదు, అంతే."

అబద్ధం. నిజమైతే? నా ఒళ్ళంతా లేచింది, నేను లేవలేదు. అబద్ధమే. వాడు చెప్పి ఉంటే ఆ మనిషి ఇంటికి ఆ రాత్రే పోయేవాళ్ళు, పోలేదు. అయినా ఆ మాట నాలోకి దిగిపోయింది, అది ఇక బయటికి రాదు, నేను చచ్చేదాకా అప్పుడప్పుడూ కదులుతుంది. నా చేతులు తొడల కిందే ఉన్నాయి. నావి కావనుకున్నాను వాటిని. అతను నా చేతుల కోసం చూస్తున్నాడు, చాలాసేపు చూశాడు. ఇక క్లర్కు పేర్లు పిలవాలి, ఓటింగు మొదలయ్యాక క్లర్కుని ఆపే అధికారం కుర్చీకి లేదు. కెరుబో లేచి నిలబడి పిలవడం మొదలుపెట్టింది. అవును. కాదు. కాదు. అవును. ఒక్కొక్క పేరు తరవాత బయట ఆడవాళ్ళ గోల తలుపు సందుల్లోంచి వస్తోంది. పెరెస్ అవూర్, అంది. నోట్లో రక్తం నిండి ఉంది, ఉమ్మితే సభామర్యాద తప్పినట్టని ఒబూయా రాయిస్తాడేమో, మింగేశాను. అవును, అన్నాను. సరిగా రాలేదు. కెరుబో మళ్ళీ అడిగింది, అడగాలి, స్పష్టంగా వినపడాలి. అవును, అని అరిచాను.

కాగితం పైకి వెళ్ళింది. అవును పదమూడు, కాదు పన్నెండు. అది అతను చదవాలి, చదివి బిల్లు నెగ్గింది అనాలి, అతను అనేదాకా ఏదీ జరిగినట్టు కాదు, తలుపులూ తెరుచుకోవు. అతను చదవలేదు. కాగితం పట్టుకుని కూర్చున్నాడు. మేమందరం కూర్చున్నాం. ఫ్యాను తిరుగుతోంది. ఎంతసేపో తెలియదు, నా పెదవి ఉబ్బి బరువెక్కింది, కిటికీలో ఎండ రంగు మారింది, ఎవరో దగ్గారు, అటువైపు ముసలి సభ్యుడొకడు రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు. చివరికి ఒబూయా మనుషుల్లోనే ఒకడు, నన్ను పుస్తకంతో కొట్టినవాడే, నీరసంగా అన్నాడు, "చెప్పేయన్నా. ఒంటేలు ఆగట్లేదు."

చెప్పాడు. గొంతులో జీవం లేకుండా, మైకులోకి, ఒబూయా తన నోటితో చెప్పాడు. బిల్లు నెగ్గింది. ఇకమీదట తీర కాపలాదళం ఎవరినీ కొట్టరాదు. సభ ముగిసింది. నాకు సంతోషం రాలేదు. వస్తుందనుకున్నాను. పన్ను చేతిరుమాల్లో చుట్టుకుని, రిస్పా భుజం పట్టుకుని బయటికి నడిచాను.

బయట దళం వాళ్ళ కొరడాలు మెట్ల మీద పడి ఉన్నాయి. వాళ్ళు చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు, చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. ఒబూయా నా వెనకే వచ్చాడు, గౌను ఇంకా ఒంటిమీదే ఉంది. చూసి పిచ్చెత్తిపోయాడు.

"ఏంట్రా కింద పడేశారు? తియ్యండి!"

"నువ్వే కదన్నా చెప్పావు మైకులో" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "ఇక కొట్టకూడదని."

"ఒరేయ్ వెధవల్లారా, గవర్నర్ సంతకం పడాలిరా. సంతకం పడేదాకా కొరడా చెల్లుతుంది. ఇవాళ్టికీ చెల్లుతుంది, రేపటికీ చెల్లుతుంది. తియ్యండి."

వాళ్ళు వంగేలోపు అదొంగో వంగింది. కొరడా పిడి చేతికి ఒకసారి చుట్టుకుంది, బరువు చూసుకుంది. "చెల్లుతుందంట" అంది పక్కనున్నవాళ్ళతో, మామూలుగా, చేపల ధర చెప్పినట్టు. ఆడవాళ్ళు నలుగురు ఒబూయాని గౌను పట్టి లాగి మెట్ల మీద బోర్లా పడేశారు. దళం వాళ్ళు ఒక్కడు కదల్లేదు. మొదటి దెబ్బకి గౌను చిరిగింది. రెండో దెబ్బకి వీపు చిరిగింది. అతను అరిచాడు. ఆ అరుపు నా కడుపులోకి చల్లగా దిగింది, అబద్ధం ఎందుకు, ఇన్నేళ్ళలో నాకు అంత చల్లగా ఏదీ దిగలేదు. ఇంకా అరవాలనిపించింది. అతని వేళ్ళు మెట్టు మీద విచ్చుకున్నాయి, మూసుకున్నాయి. రెండు దెబ్బలు నేను పడనిచ్చాను. ఆపాలనుకుంటే మొదటిదే ఆపగలిగే దూరంలో ఉన్నాను.

మూడోసారి ఎత్తినప్పుడు వెళ్ళి కొరడా పట్టుకున్నాను. జారింది, అరచెయ్యి కోసుకుంది, మళ్ళీ పట్టుకున్నాను.

"వదులు వదినా" అంది అదొంగో. కళ్ళలో నీళ్ళు లేవు. "వాడే అన్నాడు కదా చెల్లుతుందని. ఇవాళ్టికేగా. ఓగోలా నీ తమ్ముడు కాదా."

"ఇప్పుడే ఓటేసి వచ్చానే" అన్నాను. నా నోట్లోంచి రక్తం తన చేతుల మీద పడింది.

తను కొరడా వదల్లేదు. నేనూ వదల్లేదు.